నేర్పే కాలు

నూనె కారుతున్నంతసేపూ పెద్దల్లుడు ఎవరితోనూ మాట్లాడడు. లిఫ్టు మీద నీలం కారు మనిషెత్తు దాటి నిలబడి ఉంది. గేర్‌బాక్సు అడుగున బోల్టు తీసిన కన్నంలోంచి నల్లటి నూనె మొదట తాడులా, తర్వాత దారంలా, చివరికి చుక్కలు చుక్కలుగా డబ్బాలోకి దిగుతోంది. అతను దాని కింద మెడ పైకెత్తి నిలబడి, చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరగడం చూస్తున్నాడు. ఒక చుక్కను వేలి మీద పట్టి, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడు వాసన లేదు. అంటే లోపలి క్లచ్చులు బాగానే ఉన్నాయి. రోగం వాటిది కాదు, వాటికి హుకుం జారీ చేసే ఎలక్ట్రానిక్ ముక్కది.

షెడ్డులో అతన్ని పెద్దల్లుడనే పిలుస్తారు. ముందు గదిలో కౌంటరు దగ్గర కూర్చునే మనిషి చిన్నల్లుడు. ఇద్దరూ అక్కచెల్లెళ్ళను చేసుకున్న తోడల్లుళ్ళు. ఆ సంగతి తెలియని కొత్త కస్టమర్లు వాళ్ళను ఓనరమ్మకే అల్లుళ్ళనుకుని, “మీరు అదృష్టవంతులండీ, అల్లుళ్ళిద్దరూ పనిమంతులు” అంటుంటారు. ఇద్దరూ మగపిల్లలే ఉన్న ఓనరమ్మ ఆ మాటకి ఎప్పుడూ కాదనదు. ఖర్చు లేకుండా వచ్చిన అల్లుళ్ళు కదా, ఉండనిమ్మంటుంది.

ఈ పొద్దున ఆవిడ నూనె మరకలు తప్పించుకుంటూ లిఫ్టు దాకా వచ్చింది.

“చిన్నల్లుడు ఫోన్ చేశాడు. ఒంట్లో నలతగా ఉందట, ఇవాళ రానన్నాడు. పళ్ళ డాక్టరమ్మకి సాయంత్రానికల్లా బండి ఇస్తామన్నాం. తోలే పని కూడా మీరే చూసుకోండి.”

“అలాగేనమ్మా,” అన్నాడు పెద్దల్లుడు. గొంతు మామూలుగానే వచ్చింది. కానీ ఆవిడ వెనక్కి తిరగగానే, చేతిలో ఉన్న గుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న పానాను మళ్ళీ తుడిచాడు. ఎన్నో ఏళ్ళుగా ఈ ఒక్క మాట కోసమే చూస్తున్నాడు మరి.

తోలే పని అంటే బయటివాళ్ళకి అర్థం కాదు. బండి బాగుచేశాక ఓ చుట్టు తిప్పి తేవడమే కదా అనుకుంటారు. గేర్‌బాక్సులో కొత్త కంట్రోల్ ప్లేటు, అంటే ఆ హుకుం జారీ చేసే ముక్క, వేశాక దానికి ఏమీ గుర్తుండదు. ఏ క్లచ్చు ఎంత అరిగిందో, దేనికి ఎంత నూనె తోస్తే మెత్తగా పట్టుకుంటుందో పాత ముక్కకి తెలుసు, కొత్తదానికి తెలియదు. ఖాళీ రోడ్డు మీద ఎవరో ఒకరు కూర్చుని, కాలు అదరకుండా పెడలును సన్నగా నొక్కుతూ, అంతే సన్నగా వదులుతూ, ఒక్కో గేరునూ దానికి నేర్పాలి. నేర్పిన కాలు ఎలాంటిదో గేర్లు అలాగే కుదురుకుంటాయి. దుడుకు కాలు నేర్పితే బండి దుడుకుగా పోతుంది, మళ్ళీ విప్పేదాకా అంతే.

ఒకప్పుడు ఆ పని కూడా పెద్దల్లుడిదే. ఓనరమ్మ భర్త, పాత ఓనరు, బతికున్న రోజులవి. ఒకసారి ఆయన పక్కన కూర్చుని ఉండగా పెద్దల్లుడు నేర్పిన బండి రెండో గేరు నుంచి మూడుకి పోతూ గట్టిగా తన్నింది. మళ్ళీ నేర్పాడు. మళ్ళీ తన్నింది. పాత ఓనరు తిట్టలేదు. “చేతికున్న ఓపిక నీ కాలికి లేదయ్యా,” అన్నాడు. తిట్టి ఉంటే పెద్దల్లుడు మరిచిపోయేవాడేమో. ఆ వారమే పెద్దల్లుడు, పని లేక ఇంట్లో ఖాళీగా ఉంటున్న తోడల్లుణ్ణి తనే వెంటబెట్టుకుని షెడ్డుకి తీసుకొచ్చి పనిలో పెట్టాడు. “నువ్వోసారి తోలి చూడవయ్యా,” అన్నాడు పాత ఓనరు ఆ కొత్తమనిషితో. చిన్నల్లుడు వెళ్ళాడు. తిరిగొచ్చిన బండిని పాత ఓనరు నడిపి చూసి, గేరు మారిందో లేదో తెలియక, మీటరు వైపు చూసుకున్నాడట. అక్కడితో అయిపోయింది.

నూనె ఆగింది. పెద్దల్లుడు అడుగు రేకు బోల్టులు ఒకదానికి ఎదురుగా ఉన్నది ఇంకొకటిగా వదులు చేసి, రేకును అరచేతుల్లో మోస్తూ దించాడు. అందులో అంటించి ఉన్న అయస్కాంతాల మీద ఇనుప పొడి బురదలా పేరుకుని ఉంది. విరిగిన ఇనుప పలుకులేమీ లేవు. తర్వాత పక్కన కరెంటు తీగలొచ్చే గుండ్రటి ప్లగ్గు తాళం తిప్పి లాగాడు. ఈ ప్లగ్గు ముందుగా లాగకుండా పైనున్న బరువైన భాగాన్ని దించబోతే ప్లగ్గు మెడ విరుగుతుంది. తెలియనివాళ్ళు చేసే తప్పు అదే. ఆ తర్వాత నూనె దారులన్నీ చెక్కి ఉన్న బరువైన వాల్వు బాడీని భుజం ఆనించి, ఒక్కో బోల్టూ విప్పుతూ, ఎక్కడా వాలనివ్వకుండా కిందకి తెచ్చి బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ మీద పెట్టాడు.

వాల్వు బాడీ మీద వరసగా కూర్చున్న సొలినాయిడ్లు చిటికెన వేలంత ఉంటాయి. కరెంటు తగలగానే లోపలి సూది కదిలి నూనెకి దారి తెరుస్తాయి. వాటన్నిటినీ ఆడించే కంట్రోల్ ప్లేటు ఒక మూల బుడగలెత్తి ఉంది. నూనె వేడికి లోపలి తీగ అతుకు ఊడి ఉంటుంది. బండి వేడెక్కాక ఒకే గేరులో మొండికేసి కూర్చునేది అందుకే. పెద్దల్లుడు కొత్త ప్లేటు కవరు చింపేముందు లిఫ్టు స్తంభాన్ని అరచేత్తో తాకాడు. ఒంటి మీదున్న కాస్త కరెంటూ ఇనుములోకి దిగిపోతే తప్ప ఆ సున్నితమైన వస్తువును ముట్టుకోడు. స్తంభం మీద అతను తాకే చోట రంగు పోయి ఇనుము మెరుస్తూ ఉంటుంది.

ఇవాళ చేతులు ఎప్పటికంటే చురుగ్గా ఆడుతున్నాయి. చిన్నల్లుడు రాడు. ఆ మాట మనసులో బెల్లం ముక్కలా చప్పరించుకుంటూ పని చేశాడు.

చిన్నల్లుడు చెడ్డవాడైతే ఈ కథకి ఇంత బాధ ఉండేది కాదు. మంచివాడే, అదే వచ్చిన చిక్కు. ఎవరి మాటకీ అడ్డు చెప్పడు, ఎవరింట్లో ఏ పనున్నా కాలికి బలపం కట్టుకుని తిరుగుతాడు. అత్తగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మందులు తెచ్చిందీ రాత్రిళ్ళు బెంచీ మీద కూర్చున్నదీ పెద్దల్లుడైనా, కళ్ళు తెరవగానే “చిన్నబ్బాయి వచ్చాడా?” అని అడిగింది. పెద్దల్లుడి భార్య కూడా అప్పుడప్పుడూ అంటుంది, “మా మరిదిగారిని చూడండి, ఎప్పుడూ నవ్వుమొహమే. మీ మొహం మాత్రం గేర్‌బాక్సులా ఎప్పుడూ మూసే ఉంటుంది” అని. తమాషాకే అంటుంది. అతనికి మాత్రం పుండు మీద కారం రాసినట్టుంటుంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ కూతురు కొట్టింది. ఆ పిల్లకి బండి నేర్పాలని తనకు ఎంతో ఆశ. సెలవు రోజు కోసం చూస్తూ, రేపు మాపు అంటూ ఉండగానే, ఒక సాయంత్రం ఆమె కారు తోలుకుంటూ వచ్చి ఇంటి ముందు ఆపింది. తడబాటు లేకుండా, కుదుపు లేకుండా, నీళ్ళు నిండిన గ్లాసు పెట్టినా ఒలకనంత మెత్తగా. “ఎవరు నేర్పారే?” అంటే “బాబాయి” అంది. ఇప్పుడామె స్కూలు బస్సు నడుపుతుంది. ఎంతమంది తల్లులు ఆమె డ్రైవింగును మెచ్చుకున్నా, ఆ మెప్పు ఎవరికి చేరుతుందో పెద్దల్లుడికి తెలుసు.

కస్టమర్ల సంగతి సరేసరి. రోజంతా మెడ పైకెత్తి, మోచేతుల దాకా నూనెలో ముంచి పని చేసేది తను. గంటసేపు గాలి తగులుతూ తిరిగొచ్చేది అతను. కానీ అందరూ ‘చిన్నల్లుడు చేసిన గేర్‌బాక్సు’ అంటారు. అడుగు రేకు కింద ఉన్న పనిని ఎవరు చూస్తారు? కాలి కింద ఉన్న సుఖం అందరికీ తెలుస్తుంది. ఇదంతా అసూయ అని పెద్దల్లుడికి తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారదు.

ఆ కాలిలో ఏముందో కనిపెట్టాలని అతను చేయని ప్రయత్నం లేదు. బండి తిరిగొచ్చాక ఎవరూ చూడనప్పుడు డ్రైవరు తలుపు తీసి, సీటు ఎంత ముందుకి జరిపాడో చూసేవాడు. పెడలు రబ్బరు మీద గుర్తేమైనా ఉందేమోనని వేలితో తడిమేవాడు. ఇంట్లో భార్య కుట్టుమిషను తొక్కుడుబల్ల మీద కాలు పెట్టి సన్నగా నొక్కడం సాధన చేస్తుంటే, ఆమె వంటింట్లోంచి తొంగిచూసి, “ఏం కుడుతున్నారండీ?” అంది. “ఏం లేదు,” అని లేచిపోయాడు. ఇన్ని చేశాడు గానీ ఒక్కసారైనా పక్కసీటులో కూర్చుని చూడలేదు. మొదట్లో చిన్నల్లుడు పిలిచేవాడు, “రా అన్నయ్యా, అలా పోయొద్దాం” అని. “పని ఉంది,” అనేవాడు ఇతను. పని లేకపోతే కల్పించుకునేవాడు. తన పని వాడి చేతికి పోతే పక్కన కూర్చుని చూడ్డమా? ఆ తర్వాత చిన్నల్లుడు పిలవడం మానేశాడు.

కొత్త ప్లేటు మీద సొలినాయిడ్లను ఒక్కొక్కటే నూనెలో తడిపి, బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టాడు. ఇవాళ మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద తను ఎలా తోలబోతున్నాడో మనసులో చూసుకున్నాడు. ఓనరమ్మను పక్కన ఎక్కించుకోవాలి. పాత ఓనరు అన్న మాట ఆవిడకి గుర్తుందో లేదో గానీ, ఆవిడ చెవిన పడేలా గేరు మారకూడదు. మారినట్టే తెలియకూడదు.

వాల్వు బాడీని మళ్ళీ పైకెత్తి బోల్టులు బిగిస్తుండగా ముందు గదిలో ఫోను మోగింది. ఓనరమ్మ మాటలు ముక్కలుముక్కలుగా వినిపించాయి. “కాదండీ... ఆయన కూడా బాగానే... అలా కాదు డాక్టరమ్మా...” కాసేపటికి ఆవిడ వచ్చి లిఫ్టుకి అంతదూరంలోనే నిలబడింది. అలా నిలబడిందంటే చెప్పేది మంచి మాట కాదని అర్థం.

“ఆవిడ ఒప్పుకోవట్లేదు. ఇంతకుముందు ఇంకోచోట చేయించుకుంటే జర్కులకి మెడ పట్టేసిందట. చిన్నల్లుడుగారు తోలితేనే తీసుకెళ్తానంటోంది. నేనేం చెయ్యను? అతనికి ఫోన్ చేశాను, ఓ గంట కోసం వచ్చి వెళ్ళమని.”

“అలాగేనమ్మా,” అన్నాడు పెద్దల్లుడు.

పొద్దున అన్న మాటే. ఓనరమ్మ ముందు గదిలోకి వెళ్ళిపోయింది. పెద్దల్లుడికి ఒళ్ళు మండిపోయింది. ఊరంతటి చేతా నోరు తెరిపించే ఆ డాక్టరమ్మ, తన విషయంలో తెరవకుండా ఉండలేకపోయింది. కాస్త ఊరుకుంటే ఆవిడ సొమ్మేం పోయింది?

చివర్లో మిగిలింది ఆ గుండ్రటి ప్లగ్గు. లోపలికి నెట్టి, దాని తాళాన్ని ‘టిక్’మనేదాకా తిప్పాలి. సగం తిప్పి వదిలినా చూడ్డానికి బిగించినట్టే ఉంటుంది. రోడ్డు మీద కాస్త అదిరాక వదులై, బండి ఒకే గేరులో ఇరుక్కుపోతుంది. వాడి చేతిలోనే. డాక్టరమ్మ ఎదురు చూస్తుండగా. పెద్దల్లుడి వేళ్ళు తాళం మీద ఆగాయి. ఎంతసేపు ఆగాయో అతనికే తెలియదు. తర్వాత ‘టిక్’మంది. మంచితనం వల్ల కాదు. తన చేతి పని తప్పయిందని నలుగురూ అనుకోవడం అతను భరించలేడు, అంతే. అసూయ ఎంతున్నా పని మీద గర్వం దానికంటే ఒక మెట్టు పైనే ఉంది.

చిన్నల్లుడు భోజనాల వేళకి వచ్చాడు. గేటు దగ్గర్నుంచే కాలు ఈడుస్తున్నట్టు నడిచి, పాత టైర్ల దొంతర మీద కూలబడి, సీసాలో నీళ్ళన్నీ తాగేశాడు. మొహం పాలిపోయి ఉంది. పైపెదవి మీద చెమట. కుడిచేత్తో ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. పెద్దల్లుడు క్యారేజీ విప్పుతూ ఓరకంట ఇవన్నీ చూశాడు. ఓనరమ్మ చూడాలని పడుతున్న పాట్లు అనుకున్నాడు. ఒంట్లో బాగోకపోయినా వచ్చాడన్న పేరు కూడా ఇవాళ వీడి ఖాతాలోనే పడుతుందన్నమాట.

“ఏమయ్యా, నలతన్నావట?”

“ఏదోలే అన్నయ్యా. భుజం పట్టేసినట్టుంది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.”

“మరి ఇంట్లో పడుకోకపోయావా?”

“ఓనరమ్మ అడిగింది కదా, ఏం కాదంటాం?”

క్యారేజీలోంచి ఒక గిన్నె తీసి ముందుకి జరిపితే, చిన్నల్లుడు వద్దని చెయ్యి ఊపాడు. వదిన చేతి వంటను అతను ఎప్పుడూ కాదనలేదు. ఆ సంగతి కూడా పెద్దల్లుడు గమనించాడు. గమనించి, గిన్నె తన వైపు లాక్కున్నాడు.

తిన్నాక కొత్త నూనె పోసి, ఇంజను నడిపి, నూనె గోరువెచ్చగా అయ్యాక మట్టం చూశాడు. చిన్నల్లుడు బండి కంప్యూటరుకి స్కానరు తగిలించి, పాత లెక్కలన్నీ చెరిపేశాడు. కొత్త ముక్క ఇప్పుడు ఏమీ తెలియని పసిబిడ్డ. కారు లిఫ్టు దిగింది. తాళంచెవి చిన్నల్లుడి చేతిలో ఉంది. అతను దాన్ని కాసేపు అరచేతిలో ఆడించి, పెద్దల్లుడి వైపు చాచాడు.

“అన్నయ్యా, ఇవాళ నువ్వే తోలు. నేను పక్కన కూచుంటా.”

పెద్దల్లుడి చెయ్యి దానంతటదే లేవబోయింది.

“ఆవిడ నువ్వే తోలాలందిగా?”

“మనం చెప్తేనేగా ఆవిడకి తెలిసేది? నేనే తోలానని చెప్దాంలే.”

చిన్నల్లుడు మామూలుగానే అన్నాడు. ఒంట్లో ఓపిక లేక, గొడవ లేకుండా పని జరిగిపోవాలని అన్నాడు. కానీ ఆ మాట పెద్దల్లుడికి మరోలా తగిలింది. ఇన్నేళ్ళూ తన చేతులకి వీడి పేరు పెట్టారు. ఇప్పుడు తన కాలికి కూడా వీడి పేరేనా?

“నాకేం ఖర్మ? నీ పేరు, నీ కాలు. నువ్వే పో.”

“అది కాదన్నయ్యా...”

“పక్కన కూచుని నాకు నేర్పుతావా? పానా ఎలా పట్టుకోవాలో నీకు నేర్పింది నేను.”

“నువ్వే నేర్పావు. నేను కాదన్నానా?” అన్నాడు చిన్నల్లుడు. నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే ఆగింది. “సరే, నేనే తోల్తా. పక్కనైనా కూచో. ఊరికే, కబుర్లు చెప్పుకుంటూ పోదాం.”

“పని ఉంది.”

పనేమీ లేదు. షెడ్డులో ఇంకో బండి కూడా లేదు. ఇద్దరూ ఖాళీ లిఫ్టు వైపు చూశారు. చిన్నల్లుడి మొహం చిన్నబోయింది. అది చూస్తే పెద్దల్లుడికి కాస్త తృప్తిగా అనిపించింది. కారు గేటు దాటి వెళ్తుంటే, ఎప్పట్లాగే చెవి ఒగ్గి విన్నాడు. మొదటి గేరు, రెండో గేరు. అప్పుడే నేర్పుతున్నాడు కాబట్టి రెండో గేరు పట్టినప్పుడు ఇంజను కొంచెం గింజుకుంది. ఆ చప్పుడు అతని ప్రాణానికి హాయిగా ఉంది. ఇవాళ ఒక్కరోజు కుదరకపోతే బాగుండు, ఒక్కరోజు తన్నితే బాగుండు అనుకుంటూ పనిముట్లు తుడుచుకున్నాడు.

తుడిచిన పనిముట్లన్నీ డబ్బాలో సర్దేశాడు. నేల కడిగాడు. రావలసిన వేళ దాటింది. కుదరడం లేదన్నమాట, మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నట్టున్నాడు అనుకున్నాడు. ఆ ఊహ తెచ్చిన సంతోషం పూర్తిగా అనుభవించకముందే ఓనరమ్మ ముందు గదిలోంచి పరుగున వచ్చింది. చేతిలో ఫోను ఉంది.

“మనవాళ్ళు బండ్లు తోలే గోదాముల రోడ్డు మీద పంక్చర్ షాపు అతను ఫోన్ చేశాడు. మన బండి పక్కకి ఆగి ఉందట. లోపలి మనిషి పలకట్లేదట.”

ఓనరమ్మ తన కారులో అతన్ని ఎక్కించుకుని బయల్దేరింది. దారంతా ఆవిడే మాట్లాడింది. చక్కెర తగ్గి ఉంటుంది, ఎండ దెబ్బ అయ్యుంటుంది అంటూ. పెద్దల్లుడికి పైపెదవి మీద చెమటా, భుజం నొక్కుకున్న చెయ్యీ, వద్దన్న గిన్నే ఒకదాని వెంట ఒకటి కళ్ళ ముందు కదిలాయి.

వాళ్ళు చేరేసరికి అంబులెన్సు వచ్చి ఉంది. నీలం కారు రోడ్డు అంచున చక్కగా, గీత గీసినట్టు ఆగి ఉంది. ఇంజను ఆపి, గేరు పార్కులో వేసి ఉంది. “బండి మెల్లగా పక్కకి తీశాడండీ,” అంటున్నాడు పంక్చర్ షాపు అతను. “ఇండికేటర్ కూడా వేశాడు. నిద్రొచ్చి ఆపాడేమో అనుకున్నా.” చిన్నల్లుణ్ణి స్ట్రెచరు మీద ఎత్తుతుంటే దుప్పటి చివర పాదాలు బయటికి కనిపించాయి. చెప్పుల్లేవు. దించే హడావుడిలో ఎక్కడో జారిపోయి ఉంటాయనుకున్నాడు పెద్దల్లుడు. పాదాలను దుప్పటితో కప్పాలనిపించింది. ముందుకి అడుగేసేలోపే తలుపులు మూసుకున్నాయి. ఓనరమ్మ వాళ్ళతోపాటే ఎక్కేసింది. “నా బండి ఇక్కడే ఉండనివ్వండి. డాక్టరమ్మ కారు షెడ్డులో పెట్టేసి, మీ మరదలిని తీసుకుని రండి,” అంది.

నీలం కారులో కూర్చున్నాడు. సీటు వెచ్చగా ఉంది. ఎండకో, మనిషికో తెలియదు. తాళం తిప్పి, బండిని వెనక్కి మళ్ళించి, గోదాముల మధ్య ఆ పొడుగాటి ఖాళీ రోడ్డు మీదకి ఎక్కించాడు. పెడలు నొక్కాడు. మొదటి గేరు నుంచి రెండుకి ఎప్పుడు పోయిందో తెలియలేదు. రెండు నుంచి మూడుకి కూడా తెలియలేదు. మీటరు చూస్తే గాని తెలియలేదు. పాత ఓనరు చేసినట్టే తనూ మీటరు చూశానని అప్పుడు గ్రహించాడు. ఇంత మెత్తగా తన జన్మలో ఏ బండికీ నేర్పలేడు. వాడు భుజం పట్టుకుని, ఊపిరాడక, పక్కన తోడు కూడా లేకుండా నేర్పిన గేర్లివి. అయినా ఎంత బాగా నేర్పాడు, దొంగ వెధవ! ఈ స్థితిలో కూడా వాడి కాలు మీద అసూయ పుట్టిందని తెలిసి పెద్దల్లుడికి తన మీద తనకే రోత పుట్టింది.

ఫోను మోగింది. బండి పక్కకి తీసి ఆపాడు.

“పెద్దల్లుడూ,” అంది ఓనరమ్మ. వెనక ఆసుపత్రి గోల వినిపిస్తోంది. “దారిలోనే పోయాడయ్యా.”

ఎప్పుడూ ‘మీరు’ అనే మనిషి ‘అయ్యా’ అంది. “అలాగేనమ్మా,” అన్నాడు. ఫోను ఒళ్ళో పెట్టుకుని, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూచో, కబుర్లు చెప్పుకుంటూ పోదాం అన్నాడు వాడు. పక్కన ఉంటే చెమట ఎక్కువవడం చూసి బండి తిప్పేవాణ్ణి. తాళంచెవి తీసుకుని ఉంటే వాణ్ణే పక్కన పడుకోబెట్టి నేరుగా ఆసుపత్రికి తోలేవాణ్ణి. చెయ్యి లేచింది కూడా. లేచిన చెయ్యిని వెనక్కి లాక్కున్నది తనే. ఏడుపు రాలేదు.

మరదలికి చెప్పాలి. భార్యకి చెప్పాలి. స్కూలు బస్సు దిగగానే కూతురికి చెప్పాలి. కారు మళ్ళీ కదిలింది. ఒకటి, రెండు, మూడు తెలియకుండా పోయాయి. నాలుగుకి పోతూ బండి ఒక్కసారి తన్నింది. మెడ ముందుకి ఊగింది. అక్కడిదాకానే వచ్చి ఆగిపోయాడు చిన్నల్లుడు. నాలుగోది నేర్పలేదు. ఆ కుదుపుకి పక్కసీటు కిందనుంచి ఏదో జారి, ముందుకొచ్చి ఆగింది.

చెప్పులు. చిన్నల్లుడివే.

ఎవరో దించుతుంటే జారిపోయినవి కావు. విడిచి, పక్కన సర్దినవి. పెద్దల్లుడు మళ్ళీ బండి ఆపేశాడు. వాడు వట్టి కాలితో తోలేవాడు. పెడలు చర్మానికి తగలాలి, ఇంజను వణుకు అరికాల్లోంచి పైకి రావాలి. ఎంతసేపూ సీటు ఎంత జరిపాడో చూశాడు, పెడలు రబ్బరు తడిమాడు, కుట్టుమిషను తొక్కాడు. వాడు దాచిందేమీ లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి పక్కన కూర్చుని ఉంటే ఎదురుగా కనిపించేది.

వంగి తన బూట్ల తాళ్ళు విప్పాడు. నూనె పట్టి బిగుసుకుపోయిన ముడులు ఓ పట్టాన రాలేదు. బూట్లు వెనకసీటులోకి విసిరి, మేజోళ్ళు తీసి, వట్టి పాదం పెడలు మీద ఆన్చాడు. రబ్బరు గళ్ళు అరికాలికి తగిలాయి. సన్నటి వణుకు మడమ దాకా పాకింది. ఇనుమును చేత్తో తాకినట్టే ఉంది. కాలికి ఓపిక లేదన్నారు గానీ, దానికి ఇన్నాళ్ళూ కళ్ళే లేవు.

మూడు నుంచి నాలుగుకి బండి మళ్ళీ తన్నింది, కానీ ఇందాకటంత కాదు. చెప్పులు కాస్త కదిలాయి. వేగం తగ్గించి, మళ్ళీ పెంచాడు. ఇంకా తగ్గింది. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి ఎవరు తోలారని అడుగుతుంది. చిన్నల్లుడే తోలాడండీ అని చెప్తాడు. ఆ మాట నోటిదాకా తెచ్చుకుని చూసుకున్నాడు. ఎక్కడా గుచ్చుకోలేదు.

గోదాముల రోడ్డు చివర, మలుపుకి ముందు ఇంకోసారి పెడలును సన్నగా, ఇంకా సన్నగా నొక్కాడు. మీటరు మీద మూడు పోయి నాలుగు వచ్చింది. పక్కసీటు ముందు, మడమలు అరిగిన ఆ పాత చెప్పులు, వేళ్ళ అచ్చులు నల్లగా పడి, రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి. అవి కదల్లేదు.